కిరాయింటికి ‘వేర్’ ఎందుకు?

ప్రశ్న: హన్మకొండలో ఇల్లు ఖాళీ చేస్తున్నాం. గచ్చు అరిగిందని, గోడల రంగు వెలిసిందని ఓనర్ అడ్వాన్సులో కోత పెడతానంటున్నాడు. కిరాయి కాయితంలో ‘వేర్ అండ్ టేర్ మినహా’ అని ఉంది. వేర్ అంటే తొడుక్కోవడం గదా సార్, ఇంటికి దానితో ఏం పని? టేర్, కన్నీటి టియర్ ఒకటేనా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: తొడుక్కోవడమే! పాత ఇంగ్లిషులో ‘వెరియన్’ అంటే బట్ట కట్టుకోవడం. కట్టినకొద్దీ బట్ట పలచబడుతుంది గదా, ఆ అరుగుదలకూ అదే మాట నిలిచింది. అక్కడినుంచి టైర్లకు, బేరింగులకు, మీ గచ్చుకూ పాకింది. టేర్ అంటే చిరుగు. కన్నీటితో దానికి చుట్టరికం లేదు, స్పెల్లింగ్ ఒక్కటే కలిసింది.

ఓనర్‌కు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, 108వ సెక్షన్ చూపించండి. వేరే ఒప్పందం లేనప్పుడు ఇల్లు తీసుకున్నట్టే తిరిగి అప్పజెప్పాలి, కానీ ‘రీజనబుల్’ వేర్ అండ్ టేర్‌కు మినహాయింపు ఉందంటుంది. నడిస్తే గచ్చు అరుగుతుంది, దానికి మీరేం చేస్తారు? పిల్లలు తలుపు విరగ్గొట్టి ఉంటే మాత్రం జేబులోంచి తీయాల్సిందే. పోయేముందు రంగులు వేయించాలని కాయితంలో విడిగా రాసుకున్నారేమో చూసుకోండి. రాసుంటే నా ముచ్చట అక్కరకు రాదు.

మీరు అడగకున్నా ఇంకో రెండు చెప్పాలనిపిస్తోంది. లాటిన్‌లో ‘టెరెరె’ అంటే రుద్దడం, అరగదీయడం. నష్టమనే ‘డెట్రిమెంట్’, కంపెనీలో మనుషులు తగ్గిపోయే ‘అట్రిషన్’, వాడి వాడి పస పోయిన మాటను తిట్టే ‘ట్రైట్’ అన్నీ దాని పిల్లలే. నాకు బాగా నచ్చింది ‘ట్రిబ్యులేషన్’. ‘ట్రిబులుమ్’ అంటే గింజ రాలగొట్టే నూర్పిడి బల్ల. మన కల్లంలో బంతి కట్టి ఎడ్లతో తొక్కించే పనిని రోమన్లు ఆ బల్లతో చేసేవాళ్లు. దాని కింద నలిగిన పంటలాంటి బాధ అన్నమాట. కష్టాల్లో ఉన్నవాణ్ని ‘నలిగిపోతున్నాడు’ అని మనమూ అంటాం.

ఇక ‘షాడీ’. మన ఆజంజాహి మిల్లుది నూలు కథ, ఇది ఉన్నిది. 1813 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్యాట్లీలో బెంజమిన్ లా పాత ఉన్ని పేలికలను పీచుగా చీల్చి, కొత్త ఉన్ని కలిపి మళ్లీ నేయించాడు. షాడీ ఆ బట్ట పేరు. అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) కాంట్రాక్టర్లు సైనికులకు దానితో యూనిఫాంలు అంటగట్టారు. అవి ఒంటిమీదే పిగిలిపోయేసరికి నాసిరకం పనికల్లా ఆ పేరు అంటుకుంది.