కుస్కో హోటల్ రివ్యూ రాసేముందు, అమ్మడూ

అమ్మడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన రివ్యూ రెండుసార్లు చదివాను. పోస్ట్ చేసేముందు నాకు పంపావు, మంచి పని చేశావు. ఒక్క స్టార్, పైన "డబ్బు దండగ, ఎవరూ వెళ్లొద్దు" అని హెడ్డింగు, కింద పదకొండు ఫిర్యాదులు. నీ కోపం నాకు అర్థమైంది. అంత ఖర్చు పెట్టుకుని, అంత దూరం అమ్మని తీసుకెళ్లి, నాలుగు రాత్రుల్లో మొదటి రెండూ సరిగ్గా నిద్ర లేకుండా గడిపావు. కానీ దీన్ని ఇలాగే పెట్టొద్దు. ఇందులో సగం హోటల్ గురించి కాదు, పెరూలో కొండల మీదున్న ఆ కుస్కో ఊరి ఎత్తు గురించి. మిగతా సగంలో హోటల్ వాళ్ల తప్పు నిజంగానే ఉంది, అది మాత్రం ఈ గోలలో ఎవరికీ కనపడకుండా పోయింది.

నేనూ మీ మామయ్యా వెళ్లినప్పుడు నేను చేసిన పనీ ఇదే. పొద్దున పెరూ రాజధాని లిమాలో సముద్రం పక్కన టిఫిన్ తిని, గంటన్నర కూడా పట్టని విమాన ప్రయాణంతో 3,400 మీటర్ల ఎత్తున దిగాం. తిరుమల కొండకి దాదాపు నాలుగింతలు, లేహ్‌కి కాస్త తక్కువ. మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాం, ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాసా దె ఆర్మాస్ చౌకు చుట్టూ తిరిగి ఫొటోలు దిగాం, సాన్ బ్లాస్ పేట మెట్లన్నీ ఎక్కేశాం. రాత్రి ఏడింటికి మొదలైంది. కణతలు పగిలిపోతున్నాయి, అన్నం చూస్తే వాంతొస్తోంది, పడుకుంటే ఇలా కన్నంటుకోవడం, అలా ఊపిరి ఆగిపోయినట్టయి ఉలిక్కిపడి లేవడం. తెల్లవారుజామున మూడింటికి ఫోన్ తీసి "గదిలో గాలి ఆడదు, కిటికీ చిన్నది, ఊపిరి సలపలేదు" అని రాసి రెండు స్టార్లు ఇచ్చేశాను. మూడో రాత్రి అదే గదిలో, అదే మంచం మీద, కిటికీ మూసుకుని మరీ పొద్దెక్కేదాకా నిద్రపోయాను. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. తర్వాత మార్చాను అనుకో, కానీ ఆ మధ్య రోజుల్లో నా మాట నమ్మి ఎంతమంది ఆ ఇల్లు వదిలేసుకున్నారో అన్న బాధ ఇప్పటికీ ఉంది. తొమ్మిది గదుల చిన్న హోటల్ అది, భార్యాభర్తలు నడుపుకుంటున్నారు.

అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ శాతం ఇక్కడిలాగే ఉంటుంది, గాలి పీడనమే తక్కువ. అందుకని ఒక్కో శ్వాసకి మనకి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందే దాంట్లో మూడింట రెండు వంతులే. వచ్చిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో చాలామందికి తలనొప్పి మొదలవుతుంది, అక్కడివాళ్లు దాన్ని సొరోచే అంటారు. నిద్రలో శ్వాస గబగబా సాగి, కొన్ని క్షణాలు ఆగి, మళ్లీ మొదలవుతుంది, ఆ ఆగినప్పుడే మనం ఉలిక్కిపడి లేస్తాం. దీనికి పరుపు కారణం కాదు, దిండు కారణం కాదు. నువ్వు "మంచం అస్సలు బాలేదు, రాత్రికి ఇరవైసార్లు మెలకువ" అని రాశావు చూడు, ఆ వాక్యం తీసెయ్. లేదా ఉంచాలనుకుంటే నిజం రాయి: లిమా నుంచి నేరుగా విమానంలో వచ్చాం, మొదటి రెండు రాత్రులు నిద్ర లేదు, మూడో రాత్రి నుంచి పర్లేదు అని. ఆ ఒక్క ముక్క చదివి ఇంకొకరు ముందు ఉరుబంబా లోయకి దిగిపోయి, కుస్కో కన్నా 500 మీటర్లు కింద రెండు రాత్రులు పడుకుని, ఆ తర్వాత పైకి వస్తారు. మనం అలా చేసి ఉండాల్సింది.

"అన్నం పలుగ్గా ఉంది, టీ టీలాగే లేదు" అన్నావు. అంత ఎత్తులో నీళ్లు దాదాపు 89 డిగ్రీలకే మరిగిపోతాయి అమ్మడూ, అంతకు మించి వేడెక్కవు. ప్రెషర్ కుక్కర్ లేకుండా అక్కడ ఎవరు వండినా, చాలాసేపు ఉడికిస్తే తప్ప బియ్యం పలుకు తేలుతుంది. ఇదీ తీసెయ్.

చలి సంగతి మాత్రం తీసెయ్యొద్దు, అసలు అక్కడే ఉంది విషయమంతా. జూన్, జూలైల్లో కుస్కోలో పగలు ఎండ చురుక్కుమంటుంది, రాత్రి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. ఆ పాత ఇళ్లన్నీ మట్టి ఇటుకల గోడలవి, మూరెడు మందం, మధ్యలో వాకిలి, చుట్టూ గదులు, కొన్నింటికి కింద, స్పెయిన్ వాళ్లు రాకముందు ఆ ఊరిని ఏలిన ఇంకాల కాలం నాటి రాతి గోడలే పునాది. మీ రిసెప్షన్ వెనక గోడ ఫొటో పంపావు చూడు, దాన్ని ఒకసారి పెద్దది చేసి చూడు. సున్నం లేదు, మట్టి లేదు, రాయికి రాయి అంచులు నూరి అతికించినట్టు కూర్చున్నాయి, గోడ పైకి వెళ్లేకొద్దీ కాస్త లోపలికి వాలి ఉంది. 1533లో స్పెయిన్ వాళ్లు ఆ ఊరిని పట్టుకుని అలాంటి గోడల మీదే తమ ఇళ్లూ చర్చిలూ కట్టుకున్నారు. 1950 భూకంపంలో సాంతో దొమింగో చర్చి చాలా భాగం దెబ్బతింటే, కిందున్న ఇంకాల కోరికాంచ గుడి గోడలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. 1983 నుంచి ఆ పాత ఊరు యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది, అలాంటి చోట గోడ పగలగొట్టి లిఫ్టు పెట్టడం, కొత్త కిటికీ తెరవడం ఎవరికీ అంత తేలిక కాదు. ఆ మందం గోడల్లోంచి వైఫై కూడా రాదు, వాకిట్లోకి వచ్చి కూర్చోవాల్సిందే. కాబట్టి "గోడలు చల్లగా ఉన్నాయి, లిఫ్టు లేదు, వైఫై లేదు" అని తిట్టకు, "ఇది పాత ఇల్లు, ఇలా ఉంటుంది" అని చెప్పు, ఇష్టమున్నవాళ్లు వెళ్తారు, లేనివాళ్లు కొత్త హోటల్ చూసుకుంటారు. ఆ ఇంటికి ఉన్న గొప్పా అదే, ఇబ్బందీ అదే.

కానీ హీటర్? బుకింగ్ పేజీలో గదిలో హీటర్ ఉందని రాసి, తీరా వెళ్లాక రాత్రికి ఇంత అని విడిగా అడగడం పక్కా హోటల్ తప్పు. వేడినీళ్లు 24 గంటలూ వస్తాయని చెప్పి, మీ అమ్మ తలమీద సబ్బు నురగ ఉండగానే చన్నీళ్లు రావడమూ వాళ్ల తప్పే, సున్నా డిగ్రీల చలిలో అరవై ఏళ్లు దాటిన మనిషికి అది చిన్న విషయం కాదు. ఈ రెండూ నీ జాబితాలో ఏడోదీ తొమ్మిదోదీగా ఎక్కడో కింద పడున్నాయి, టాయిలెట్ పేపర్ బుట్టలో వెయ్యమన్నారన్న దానికంటే కింద! (ఆ దేశంలో చాలాచోట్ల పైపులు తట్టుకోవు, అందుకే బుట్ట. అదీ తీసెయ్.) ఈ రెండింటినీ పైకి తీసుకురా. ఎంత అడిగారు, ఎన్ని సోల్‌లు (మన రూపాయల్లా అక్కడి డబ్బు), ఏ తేదీన, ఏం చెప్పారు, నువ్వు చెప్పాక ఏం చేశారు, ఇవన్నీ రాయి. "చాలా మోసం" అనే మాట ఎవరైనా రాస్తారు. "పేజీలో గదిలో హీటర్ ఉందని రాశారు, మా దగ్గర రాత్రికి ఇన్ని సోల్‌లు తీసుకున్నారు" అని రాస్తే దానికి హోటల్ జవాబు చెప్పి తీరాలి.

బిల్లు కూడా ఒకసారి చూసుకో. విదేశాల నుంచి వచ్చిన టూరిస్టులకి పెరూలో హోటల్ బస మీద ఐజీవీ పన్ను (మన జీఎస్టీ లాంటిది) ఉండదు, మామూలుగా అది 18 శాతం. పాస్‌పోర్టూ, దేశంలోకి ఎప్పుడు వచ్చామో రుజువూ చూపించాలి అంతే. నీ దగ్గర పాస్‌పోర్టు కాపీ తీసుకుని కూడా పన్ను వేసి ఉంటే ముందు వాళ్లకి మెయిల్ పెట్టు, జవాబు వచ్చాక రివ్యూలో రాయి.

తెల్లవారుజామున టపాసులు, బ్యాండు మేళం అన్నావు. నువ్వు వెళ్లింది జూన్‌లో. కుస్కోకి ఏడాదంతటికీ పెద్ద పండగ నెల అది. కార్పుస్ క్రిస్తి అనే క్రైస్తవుల పండక్కి ఊళ్లో చర్చిల నుంచి విగ్రహాలన్నీ కెథెడ్రల్‌కి ఊరేగింపుగా వస్తాయి, 24న ఇంతి రైమి, సూర్యుడి పండగ, కోరికాంచ దగ్గర మొదలై కొండ మీద సక్సైవామన్ కోటలో ముగుస్తుంది. మన ఊళ్లో జాతర నాడు లాడ్జిలో దిగి డప్పుల మోత అంటే ఎలా? కానీ నెల తప్పకుండా రాయి. ఇది చాలా ముఖ్యం, వానాకాలంలో జనవరిలో వెళ్లేవాడికీ జూన్‌లో వెళ్లేవాడికీ అదే గది వేరేగా ఉంటుంది.

గది నంబరు, వీధివైపో వాకిలివైపో కూడా రాయి. ఏ అంతస్తు అన్నది మాత్రం జాగ్రత్త, అక్కడ ప్రిమేర్ పీసో అంటే మన గ్రౌండ్ ఫ్లోర్, మనవాళ్లు ఫస్ట్ ఫ్లోర్ అనుకుని గందరగోళపడతారు. అంతస్తు బదులు మెట్లు లెక్కపెట్టి రాయి. టాక్సీ ఆగేచోటు నుంచి గుమ్మం దాకా ఎన్ని, గుమ్మం నుంచి గది దాకా ఎన్ని. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రుల్ని తీసుకెళ్లేవాళ్లకి నీ రివ్యూ మొత్తంలో పనికొచ్చేది ఆ అంకె ఒక్కటే కావచ్చు. శాకాహారం గురించి కూడా ఒక వాక్యం పడెయ్, అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు ఎంతోమంది ఇంకాల మాచు పిచ్చు శిథిలాలు చూడ్డం కోసం ఆ ఊరు వెళ్తున్నారు. "కార్నే వద్దు" అంటే మాంసం వద్దన్నట్టే అనుకుంటాం, వాళ్లు చాలాసార్లు కోడి పెట్టేస్తారు, పోయో (కోడి) వద్దు, పెస్కాదో (చేప) వద్దు అని విడివిడిగా చెప్పాలి. కీన్వా అనే అక్కడి గింజలతో చేసే సూప్‌లో కూడా మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారు, అడగాలి. నీకు పొద్దున నాలుగింటికి మాచు పిచ్చు రైలు కోసం బయల్దేరుతుంటే బ్రేక్‌ఫాస్ట్ పొట్లం కట్టిచ్చారా లేదా? మాచు పిచ్చు వెళ్లొచ్చేదాకా పెద్ద సూట్‌కేసులు దాచిపెట్టారా? నువ్వు రాయలేదు. ఆ ఊళ్లో హోటల్ ఎంచుకునేవాళ్లు ముందు అడిగేవి ఇవే.

ఇంకొకటి. దీనికే నాకు మనసు కష్టంగా ఉంది, అందుకే ఆఖర్న రాస్తున్నాను.

మీ అమ్మ నాకు ఫోన్ చేసి చెప్పింది. రెండో రాత్రి తనకి వేలికి పెట్టుకునే మిషన్‌లో ఆక్సిజన్ 79 చూపించి, పెదాలు నల్లబడి, నువ్వు టెన్షన్‌తో మెట్లమీద పరిగెత్తుకుంటూ కిందకి వెళ్తే, రాత్రి డ్యూటీలో ఉన్నావిడ ఆక్సిజన్ సిలిండర్ భుజాన పెట్టుకుని పైకొచ్చిందట. మాస్కు పెట్టి, డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా మంచం పక్కన నేలమీద కూర్చుని వదిన పాదాలు రెండూ తన శాలువలో చుట్టి ఒళ్లో పెట్టుకుందట. భాష రాదు, "మమీతా, మమీతా" (అమ్మా, అమ్మా) అంటూనే ఉందట. వదిన అది చెప్తూ ఏడ్చింది. నీ పదకొండు పాయింట్లలో ఆవిడ లేదు.

ఆవిడ పేరు నీకు తెలిస్తే పేరుతో రాయి. ఫిర్యాదులో పనివాళ్ల పేర్లు ఎప్పుడూ పెట్టకు, ఉద్యోగం పోతుంది. మెప్పులో తప్పకుండా పెట్టు, యజమాని చదువుతాడు. రాత్రి ఎన్ని గంటలకి పిలిచావు, సిలిండర్ ఎన్ని నిమిషాల్లో వచ్చింది, దానికి డబ్బు అడిగారా, డాక్టరు ఎంతసేపట్లో వచ్చాడు, ఆయన ఫీజు ఎంత. నీలాగే తల్లిని తీసుకుని ఆ ఊరు వెళ్దామా వద్దా అని రాత్రిపూట ఫోన్ పట్టుకుని కూర్చున్న పిల్ల ఒకతి ఉంటుంది, ఆ పిల్ల వెతికేది ఇదే.

స్టార్లు నీ ఇష్టం. నేనైతే హీటర్ మాట తప్పినందుకూ వేడినీళ్లకూ కలిపి రెండు తగ్గించి మూడు ఇస్తాను, ఎందుకు తగ్గించానో రాస్తాను. చిన్న చిన్న వాక్యాల్లో రాయి, వాళ్లు మిషన్ అనువాదంలో స్పానిష్‌లోకి మార్చుకుని చదువుతారు, మన సామెతలూ వెటకారాలూ అందులోకి పోవు. కింద తెలుగులో కూడా నాలుగు ముక్కలు రాయి.

కోకా టీ పొట్లాలు సూట్‌కేసులో ఏమైనా మిగిలాయేమో వెతికి పారెయ్. అక్కడ అది మామూలు టీ, కానీ కొకైన్ తీసేది ఆ ఆకులోంచే, అందుకే మన దేశంలో కోకా ఆకు దగ్గర ఉంచుకోవడం నేరం.

మార్చి రాశాక మళ్లీ పంపు, రేపు సాయంత్రం ఇంట్లోనే ఉంటాను. మెట్ల ఫొటో ఒకటి కింద నుంచి తీసింది ఉందన్నావుగా, అది కూడా పెట్టు.

మీ అత్తయ్య