రోజూ స్ప్రే చేస్తున్నా ఐసోపాడ్‌లు ఎందుకు చచ్చిపోతున్నాయి?

మధురవాడ ఫ్లాట్, పది పౌడర్ ఆరెంజ్‌లు (నారింజరంగు ఐసోపాడ్ రకం), మూత బిగించిన డబ్బా, రోజూ రెండుపూటలా స్ప్రే, మే నెలలో సగం పోయాయి. మీరు చెప్పింది ఇదే కదా. తడి చాలక కాదండీ, గాలి చాలక పోయి ఉంటాయి.

ఐసోపాడ్ అంటే రాలుటాకుల కింద బతికే చిన్న ప్రాణి, రొయ్య, పీతల వర్గం. పొట్ట కింద ఉండే పలకలతో ఊపిరి తీసుకుంటుంది కాబట్టి చెమ్మ కావాలి, నిజమే. కానీ ‘రోజూ స్ప్రే చేయండి’ అనే సలహా చలిదేశాల్లో హీటర్ వేసుకున్న పొడి గదులకు సరిపోతుంది. మన విశాఖ గాలిలోని చెమ్మకు వంటింటి డబ్బాలో ఉప్పే ముద్దకడుతుంది. పైగా మూత బిగిస్తే అడుగు కుళ్ళుతుంది, వాటి ఒంట్లోంచి వచ్చే అమ్మోనియా బయటికి పోదు. మూత తీయగానే ఘాటు వాసన కొడుతోందా? అయితే అదే కారణం.

5–6 లీటర్ల డబ్బా చాలు. ఎదురెదురు పక్కల 4 సెం.మీ. రంధ్రాలు చేసి స్టీలు జాలీ అతికించండి. ఒకటి కిందికి, ఒకటి మూత దగ్గర ఉంటే గాలి ఆడుతుంది. లోపల 6–7 సెం.మీ. మందాన మూడు పాళ్ళు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), రెండు పాళ్ళు చివికిన ఆకులు, ఒక పాలు చేత్తో నలిపితే పొడయ్యే పుచ్చుకట్టె. కోకోపీట్‌లో ఉప్పుంటుంది, రెండుసార్లు నానబెట్టి పిండాలి. అదొక్కటే వేస్తే తిండి పెట్టనట్టే. వాటి అసలు తిండి రాలుటాకులు. మందు కొట్టని చోట బాదం చెట్టు ఎండుటాకులు ఏరి, మరిగించి, మందంగా పరవండి. వేప, నీలగిరి, సరుగుడు వద్దు.

డబ్బాలో మూడో వంతే తడిగా ఉండాలి. ఆ మూల కాస్త నాచు వేసి, పైన పాత కుండపెంకు బోర్లించండి. నాలుగైదు రోజులకోసారి పెంకు పక్కన 30–40 మి.లీ. నీళ్ళు పోయండి, ముందురోజు పట్టి ఉంచినవి. అక్కడి మట్టి పిడికిట్లో ముద్దకట్టాలి, చుక్క కారకూడదు. తక్కిన భాగం పొడిగా వదిలేస్తే ఎటుండాలో అవే చూసుకుంటాయి.

గుడ్డుపెంకుల పొడి ఎప్పుడూ ఉండాలి. వారానికోసారి ఒక ఎండురొయ్య, ఉప్పు పోయేలా నానబెట్టి. మాంసకృత్తులు తక్కువైతే కుబుసం విడిచే దాన్నే కొరుక్కుతింటాయి. సొరకాయ ముక్క వేస్తే మర్నాడు తీసెయ్యండి. సగం తెల్లగా, సగం నారింజగా కనిపించింది రోగం కాదు, కుబుసం విడవడమే. వెనక సగం మొదట విడిచి, ఒకట్రెండు రోజులకు ముందు సగం విడుస్తుంది. అప్పుడు ముట్టుకోవద్దు.

ఎండాకాలం డబ్బా నేల మీదే, బాగా చల్లగా ఉండే గదిలో. ఫ్రిజ్ మీద, బాల్కనీలో వద్దు. చీమలు ఎక్కకుండా పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో ఇటుక పెట్టి, దాని మీద డబ్బా పెట్టండి, చీమలసుద్ద గీయకండి. ఆ గదిలో బొద్దింకల స్ప్రే, దోమల మందు వాడినా ఇవి బతకవు.

ఇంకో ఐసోపాడ్ రకం, రబ్బర్ డకీలు కొనమంటారా అన్నారు. ఇప్పుడే వద్దు. ఖరీదెక్కువ, పిల్లలు తక్కువ, నెమ్మదిగా పెరుగుతాయి. మిగిలిన ఐదింటిలో ఆడా మగా ఉంటే చాలు, పౌడర్ ఆరెంజ్‌లు త్వరగానే పుంజుకుంటాయి. ఆకు తిరగేస్తే గసగసాల్లా తెల్లటి పిల్లలు కదులుతున్నాయంటే డబ్బా కుదిరినట్టే, అప్పుడు ఆలోచించండి.