గోడ మీద నడిచేది మానుపిల్లి కావచ్చు, బోను తొందర వద్దు

పొద్దున్నే చెట్టు కింద సగం కొరికిన జామకాయలు కనబడుతున్నాయి, అర్ధరాత్రి రేకుల మీద అడుగుల చప్పుడు వినిపిస్తోంది, బోను పెట్టించాలా అని అడిగారు. ముందు వచ్చేది ఎవరో తేల్చుకోండి.

మాది హైదరాబాద్ వనస్థలిపురం. జింకల పార్కు దగ్గరే కాబట్టి మొదటిసారి చప్పుడు విన్నప్పుడు ఇంట్లో తలా ఒక జంతువును ఊహించారు. కృష్ణజింక గోడెక్కి నేరేడు పళ్లు తింటుందా అని నవ్వాను కానీ, కర్ర లేకుండా నేనూ బయటికి వెళ్లలేదు.

ఉపాయం మా అమ్మది. పిట్టగోడ మీద పలచగా ముగ్గుపిండి చల్లించింది. తెల్లవారేసరికి అడుగులు అచ్చు గుద్దినట్టు పడ్డాయి. పిల్లి అడుగులో నాలుగు వేళ్లే పడతాయి, గోళ్ల జాడ ఉండదు. మా గోడ మీద ఐదు వేళ్లు. నీళ్ల ట్యాంకు పక్కన మలం, అందులో అరగని నేరేడు గింజలు. రాత్రిళ్లు తిరుగుతూ పళ్లు తినే అడవి జంతువు మానుపిల్లి అన్నమాట. తర్వాత కిటికీలోంచి చూశాం: బూడిద రంగు ఒళ్లు, నల్లటి ముఖం, దాదాపు ఒంటి పొడవంత తోక. గబ్బిలాలైతే రసం పీల్చి ఉమ్మిన పిప్పి ముద్దలు చెట్టు కింద పడి ఉంటాయి. రేకుల మీద అడుగుల చప్పుడు మాత్రం వాటిది కాదు.

ఇంత తెలిసి కూడా నేను తప్పు చేశాను. ఇంట్లో వాళ్లకు నిద్ర లేదని ఒకతనికి డబ్బిచ్చి బోను పెట్టించాను. దొరికింది, ఎక్కడో వదిలేసి వచ్చానన్నాడు. మర్నాడు రాత్రి మెట్ల గది అటక మీద, పాత సామాను వెనక నుంచి సన్నని కీచుకీచులు. మూడు కూనలు. అటవీ శాఖ వాళ్లకు ఫోను చేసి అప్పగించేసరికి రెండే మిగిలాయి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మానుపిల్లిని అలా పట్టడమే నేరమని అప్పుడే తెలిసింది. ఇంతా చేస్తే, వానలు పడగానే మరొకటి వచ్చింది.

ఈసారి బోను తెస్తానన్నది పక్కింటి పెద్దాయన. పునుగు పిల్లికి చుట్టమండీ అన్నాను. తిరుమల స్వామికి పూసే పునుగు తైలం గుర్తొచ్చి లెంపలేసుకున్నారు. ఆ తైలం వేరే జాతిదని నేను చెప్పలేదు, చెప్పను కూడా.

మీరు చేయాల్సింది కొంచెమే. పండిన కాయలు చీకటి పడకముందే కోసేయండి. పెంపుడు పిల్లి గిన్నె, చెత్తబుట్ట రాత్రిళ్లు బయట ఉంచకండి. ఇంటి కప్పును తాకే కొమ్మలు కొట్టించండి. అటక కంతలు మూసేముందు లోపల కూనలు లేవని రెండుసార్లు చూసుకోండి. మా ఇంట్లో ఒక్కసారి కూడా చూడలేదు. చెత్త బయట లేక ఎలుకలు తగ్గితే వాటికోసం వచ్చే పాములూ తగ్గుతాయి. పాము కనబడితే కొట్టకండి, దూరంగా నిలబడి, పాములను చంపకుండా పట్టుకెళ్లే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లను పిలవండి. ఏ జంతువు కొరికిన పండైనా సరే, మిగతా సగం పిల్లలకు పెట్టవద్దు. మానుపిల్లి తనంతట తాను మీదికి రాదు, మూలకు నెడితే మాత్రం కరుస్తుంది. కరిస్తే సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్లండి.

మా నేరేడు చెట్టు చిటారు కొమ్మల పళ్లు ఇప్పుడు దానికే. ఎలాగూ మా నిచ్చెన అంత ఎత్తుకు అందదు.