ఏలినమ్మను ఏమని పిలిచారు

చిరంజీవికి,

నల్లగొండ నుంచి ఆశీస్సులు. నీ కథ మొన్ననే అందింది. రెండుసార్లు చదివాను. నూలు చీరకు పట్టు అంచును కలిపే చోట నేతగత్తె చేతివేళ్లు ఎలా ఆడతాయో రాశావు చూడు, అది మగ్గం పక్కన కూర్చున్నవాళ్లే రాయగలరు. గద్వాలలో పుట్టినందుకు నీకు దొరికిన భాగ్యం అది. దాన్ని ముట్టుకోకు, అలాగే ఉంచు.

నేను ఆగిపోయింది మూడో పేజీలో. చీర తీసుకుని ముసలమ్మ కోటలోకి వెళ్తుంది. అక్కడ కూర్చున్న ఒకే మనిషిని నువ్వు మొదట మహారాణి అన్నావు, తర్వాత సామ్రాజ్ఞి అన్నావు, ఆపైన పట్టమహిషి అన్నావు, చివరికి చక్రవర్తిని కూడా చేశావు. ఒకే మాట పదేపదే వస్తే బాగుండదని నీకెవరో చెప్పి ఉంటారు. బిడ్డా, మాట తిరిగి వస్తే కథకు ఏమీ కాదు. మాట మారితే మనిషే మారిపోతుంది. నాకు ఆ పేజీలో నలుగురు ఆడవాళ్లు కనిపించారు.

ఒక్కొక్కటే చూడు. చక్రవర్తి అంటే ఇతర రాజుల చేత కప్పం కట్టించుకునేవాడు. గద్వాల సంస్థానం హైదరాబాదుకు పేష్కష్, అంటే కప్పం, కట్టేది. కట్టేవాళ్లను చక్రవర్తి అంటే ఆ మాటకు అర్థమే పోతుంది. సామ్రాజ్ఞి కూడా అంతే. ఇక పట్టమహిషి అంటే రాజు భార్యల్లో పెద్దామె. నీ కథ 1940ల నాటిది. 1949లో జాగీర్లూ సంస్థానాలూ రద్దయ్యేనాటికి గద్వాలను ఏలుతున్నది మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ. ఆమె తానే ఏలింది. ఏలిన మనిషిని పట్టమహిషి అంటే, ఆమె గద్దెను తీసి ఇంకొకరి కింద వేసినట్టే. తెలియక చేశావని నాకు తెలుసు. కానీ పాఠకుడికి నీ మాటే సాక్ష్యం కదా.

ఈ ఇబ్బంది నీ ఒక్కదానిదే కాదు. మన భాషలో రాజు భార్యా రాణే, తానే రాజ్యం చేసే ఆడమనిషీ రాణే. ఆ రెండింటికీ వేరు మాట లేదు. అందుకే కాబోలు, గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని కనిపిస్తుంది. మగ పేరు, మగ బిరుదు. మా జిల్లాలో నకిరేకల్ దగ్గర చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటుంది. ఆమె శివలోకానికి వెళ్లిన సంగతి చెప్పేది అదే. ఆమె కింద పనిచేసిన ఒక సేవకుడు వేయించింది. వీలైతే ఒకసారి వచ్చి చూడు. ఏలినామె చనిపోయిందన్న కబురును, కింద పనిచేసినవాడు రాయి మీద చెక్కించి పెట్టాడు. నేను ఆ రాయి ముందు చాలాసేపు నిలబడ్డాను.

నీ కథలోనే ఇంకోచోట నిజాం రాజు అన్నావు. అది తప్పనను. మా ఊళ్లలో ఇప్పటికీ అలాగే అంటారు. పాత్ర అంటే ఉండనివ్వు. కానీ కథ చెప్పే గొంతు నీది, నీకు తెలిసి ఉండాలి. నిజాం-ఉల్-ముల్క్ అంటే రాజ్య వ్యవహారాలు చక్కబెట్టేవాడు. ఢిల్లీ బాదుషా ఇచ్చిన బిరుదు. 1857 తిరుగుబాటు దాకా హైదరాబాదు నాణేల మీద మొగల్ బాదుషాల పేర్లే ఉండేవి. నవాబు అన్న మాట ఇంకా చిత్రం. నాయబ్ అంటే ఒకరి బదులు పనిచేసేవాడు, దాని బహువచనం నుంచే నవాబు వచ్చింది. మన మండలాఫీసులో నాయబ్ తహసీల్దార్ కూర్చుంటాడే, ఆ నాయబే. పైవాడి బదులు వచ్చినవాడే కిందివాడికి రాజైపోయాడు. వరంగల్‌ను ఏలిన కాకతీయులు కూడా మొదట్లో చాళుక్యుల కింద మహామండలేశ్వరులే, అంటే సామంతులే. మా పానగల్లును రాజధానిగా చేసుకున్న కందూరు చోడులూ సామంతులే. పానగల్లు గుడి చూడబోతే మహారాజులు కట్టించినట్టే ఉంటుంది.

బిరుదులు పైనుంచి వస్తాయి. పిలుపు కిందినుంచి వస్తుంది. కథకు కావలసింది ఆ రెండోది.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక జీతగాడి కథ రాశాను. వాడి చేత భూస్వామిని "రాజా" అనిపించాను. మా ఇంట్లో ఒక పెద్దాయన విని, "రాజు ఎవరో మాకేం ఎరుక? మాకు ఎరుకైనోడు దొర" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన వెట్టి చేసిన మనిషి. "నీ బాంచెన్ దొరా, కాల్మొక్తా" అన్న మాటను నోటితో అన్న తరం. 1946 జూలై 4న కడవెండిలో, దొరలకు ఎదురు తిరిగిన జనంలో ఒకడైన దొడ్డి కొమరయ్య తూటా తగిలి కూలిపోయాడు. ఆ ఊరు అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఆ జనం తిరగబడింది పుస్తకాల్లో ఉండే రాజు మీద కాదు, గడిలో ఉన్న దొర మీద. ఆ కథలో నేను రాజు అని రాయడం వల్ల వాళ్ల భయమూ పోయింది, వాళ్ల కోపమూ పోయింది. ఆ కథను మళ్లీ మొదటి నుంచి రాశాను.

జనం ఈ మాటల్ని ఎక్కడెక్కడ పెట్టుకున్నారో చెవి పెట్టి విను. మానని పుండును రాచపుండు అన్నారు. రాచ అంటే రాజుకు చెందినది, అదే మాట రాచకొండలోనూ ఉంది. పొలం గట్టున పీకినా చావని ముళ్లచెట్టు సర్కారు తుమ్మ. ఏలడం అన్నది రాజ్యానికే కాదు, అల్లుడి మీద పంచాయితీ పెట్టిన తల్లి "నా బిడ్డను ఏలుకుంటలేడు" అంటుంది. ఆ ఒక్క క్రియలో గద్దె ఉంది, వంటిల్లు ఉంది, ఏడుపు ఉంది. నిఘంటువులో పర్యాయపదాలు పక్కపక్కనే కూర్చుంటాయి గానీ మనుషుల నోళ్లలో అవి ఒక ఇంట్లో ఉండవు. నృపుడు, భూపాలుడు పద్యంలో బాగుంటాయి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నీ ముసలమ్మ నోట్లో అవి ఉండవు.

ఇప్పుడు ఆ మూడో పేజీ. ముసలమ్మ గుమ్మం దగ్గర నిలబడి చీర మడత విప్పుతుంది. ఆమె నోరు తెరిచి మొదట ఏమంటుంది? అమ్మా అంటుందా, దొరసానీ అంటుందా, మహారాణమ్మా అంటుందా, పిలుపే లేకుండా తల వంచుకుని చీర చూపిస్తుందా? అది నేను చెప్పలేను. మీ నాయనమ్మ ఉంది కదా, ఆమెను అడుగు. చరిత్ర అడగకు, కోటలో ఉన్నామెను మీ ఇంట్లో ఏమని పిలిచేవాళ్లో అది ఒక్కటే అడుగు. ఆమె చెప్పిన మాటను చెప్పినట్టే, ఉచ్చారణ కూడా మార్చకుండా రాసుకో. ఆ తర్వాత కథంతా ఆ ఒక్క మాటనే వాడు, పదిసార్లు వచ్చినా సరే.

దసరాకు ఇటు వస్తానన్నావు. ఆ పేజీ ఒక్కటే తిరిగి రాసి తీసుకురా. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం దాకా చదువుకుందాం, సాయంత్రం చందుపట్లకు పోదాం.

మీ నాయనమ్మకు నా నమస్కారాలు చెప్పు.