శల్యుడు తిన్న విందు, కృష్ణుడు కాదన్న భోజనం

ప్రశ్న: విదేశాంగ మంత్రి జైశంకర్ 2023 జనవరిలో పుణెలో మాట్లాడుతూ, శ్రీకృష్ణుడూ హనుమంతుడూ ప్రపంచంలోకెల్లా గొప్ప దౌత్యవేత్తలని అన్నారు. సభలో చప్పట్లకు ఇటువంటి మాటలు బాగానే ఉంటాయి. కాని రథాలూ విల్లంబుల కాలపు కథల నుంచి, చమురు నౌకలూ అణ్వస్త్రాల కాలంలో ఎదగాలనుకునే దేశం నిజంగా నేర్చుకోదగినది ఏమైనా ఉందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: ఉంది, అయితే మనం మామూలుగా వెతికే చోట లేదు. రామాయణ భారతాల ప్రస్తావన రాగానే కొందరి చూపు పుష్పక విమానం మీదికి, కొందరి చూపు ఆగ్నేయాస్త్రం మీదికి పోతుంది. మనకు అప్పుడే అన్నీ ఉండేవని మురిసిపోవడం వల్ల దేశానికి ఒరిగేదేమీ లేదు. నేనైతే ఉద్యోగపర్వం చదవమంటాను. పాండవుల అజ్ఞాతవాసం ముగిశాక మొదలై, సేనలు కురుక్షేత్రానికి చేరేదాకా నడిచే ఆ పర్వం నిండా రాయబారాలు, పొత్తులు, బేరాలు, బెదిరింపులే. అందులోనే రెండు భోజనాల కథలు ఉన్నాయి. మీ ప్రశ్నకు జవాబు ఆ రెంటి మధ్య ఉన్న తేడాలో ఉందని నా నమ్మకం.

మొదటిది శల్యుడిది. ఆయన మద్రదేశపు రాజు, మాద్రికి సోదరుడు, నకుల సహదేవులకు స్వయానా మేనమామ. పాండవులకు తోడుపడాలనే పెద్ద సేనతో బయలుదేరాడు. ఈ సంగతి తెలిసిన దుర్యోధనుడు, ఆయన వచ్చే దారి పొడవునా మండపాలు కట్టించి, బావులు తవ్వించి, రాజోచితమైన విందులు ఏర్పాటు చేయించాడు. ఇదంతా ధర్మరాజు మర్యాదేనని భ్రమపడిన శల్యుడు, ఈ ఏర్పాట్లు చేసినవారిని పిలిపించండి, బహుమానం ఇస్తానన్నాడు. చాటున ఉన్న దుర్యోధనుడు ఎదుటికి వచ్చి, నా సేనకు నాయకుడివి కమ్మని అడిగాడు. మాట ఇచ్చిన శల్యుడు కాదనలేకపోయాడు. ఒక్క బాణం పడకుండానే ఒక రాజ్యం పక్షం మారిపోయింది.

శ్రీలంకలోని హంబన్‌టోట ఓడరేవు ఉదంతం చదివినప్పుడల్లా నాకు ఈ మండపాలే గుర్తుకొస్తాయి. చైనా రుణాలతో కట్టిన ఆ రేవును 2017లో ఒక చైనా కంపెనీకి 99 ఏళ్ల కౌలుకు ఇవ్వవలసి వచ్చింది. అయితే తప్పంతా మండపాలు కట్టినవారి మీదికి నెట్టడం న్యాయం కాదు. శ్రీలంకను ముంచిన అప్పుల్లో అంతర్జాతీయ బాండ్ల భారం చైనా అప్పుకన్నా పెద్దదే. శల్యుడు కూడా, ఈ అన్నం ఎవరిదని తినకముందే అడిగి ఉండవచ్చు కదా. పైగా, 2022లో శ్రీలంక కుప్పకూలినప్పుడు సుమారు 400 కోట్ల డాలర్ల సాయం అందించిన మనం కూడా ఇప్పుడు దారి పక్కన మండపాలు వేసేవారిలో చేరామన్న సంగతి మరువరాదు. మన మండపాల్లో తిన్నవారు రేపు మనల్ని ఎలా తలుచుకుంటారన్నది మన ప్రవర్తనను బట్టే ఉంటుంది.

రెండవది కృష్ణుడిది. సంధి కోసం హస్తినాపురం వెళ్లిన ఆయనను దుర్యోధనుడు భోజనానికి పిలిచాడు. కృష్ణుడు రానన్నాడు. దూతలు పని నెరవేరాకే విందు ఆరగిస్తారన్నది ఆయన చెప్పిన మొదటి కారణం. గుచ్చి అడిగితే అసలు మాట చెప్పాడు: ఒకరి ఇంట అన్నం తినేది ప్రేమతో పెట్టినప్పుడు, లేదా తాను ఆపదలో ఉన్నప్పుడు, నీకు మా మీద ప్రేమ లేదు, మేము ఆపదలోనూ లేము. అలా చెప్పి విదురుడి ఇంటికి వెళ్లి భోజనం చేశాడు. రాయబారం విఫలమైంది. అయిదూళ్ల బేరం కూడా తెగలేదు. అయినా ఆయన ఆ సభలో తలెత్తుకుని మాట్లాడగలిగాడంటే, ముందురోజు ఆ ఇంటి అన్నం ముట్టకపోవడం అందుకు ఒక కారణమని నేననుకుంటాను.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. 1965, 1966లలో వరుసగా వానలు ముఖం చాటేసినప్పుడు మనం తిన్నది అచ్చమైన ఆపద్భోజనం. పి.ఎల్. 480 అనే అమెరికా ఆహార సాయ పథకం కింద గోధుమలు ఓడల్లో వచ్చేవి. 1966లో దిగుమతి చేసుకున్న ధాన్యం సుమారు కోటి టన్నులు. వియత్నాం యుద్ధం మీద మన ప్రభుత్వం చేసిన విమర్శ నచ్చని అధ్యక్షుడు జాన్సన్, ఆ ఓడలను నెలనెలా లెక్కగట్టి, ఊరించి ఊరించి వదిలాడు. అలీనోద్యమ నాయకత్వం మనకు అప్పటికే ఉంది, ఐక్యరాజ్యసమితిలో గొప్ప ఉపన్యాసాలూ ఉన్నాయి. కాని గాదె ఖాళీగా ఉన్నవాడి ఉపన్యాసాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఆ అవమానం నుంచి మనల్ని బయటపడవేసింది రాయబారులు కాదు. ఆహార మంత్రి సి. సుబ్రహ్మణ్యం పట్టుబట్టి 1966లో మెక్సికో నుంచి తెప్పించిన 18,000 టన్నుల గోధుమ విత్తనం, ఎం.ఎస్. స్వామినాథన్ వంటి శాస్త్రవేత్తల శ్రమ, గోదావరి డెల్టాలో ఐఆర్-8 అనే కొత్త అధిక దిగుబడి వరిని ధైర్యం చేసి నాటిన రైతులు. 1971 డిసెంబరులో అమెరికా ఏడవ నౌకాదళం బంగాళాఖాతం వైపు వచ్చినా మన ప్రభుత్వం వెనకడుగు వేయకపోవడానికి ఆ ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం కారణమని అందరూ రాస్తారు, అది నిజమే. పంజాబు గాదెలను కూడా ఆ జాబితాలో చేర్చాలని నా మనవి.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. సభాపర్వంలో ఇంద్రప్రస్థానికి వచ్చిన నారదుడు ధర్మరాజును వరుసగా ప్రశ్నలు అడుగుతాడు. వ్యవసాయం వాన ఒక్కదాని మీదే ఆధారపడకుండా రాజ్యంలో చెరువులు నిండుగా ఉన్నాయా, రైతుకు విత్తనానికీ తిండికీ కొరత లేదు కదా, వారికి నూటికి ఒకటి వడ్డీకి అప్పు ఇస్తున్నావా, ఖర్చు రాబడిని మించడం లేదు కదా అని. రాజసూయం తలపెట్టకముందు రాజుకు ఎదురైన ప్రశ్నలివి. చివరి ప్రశ్నకు మనం 1991లో జవాబు చెప్పుకోలేకపోయాం. దిగుమతులకు కొద్ది వారాలకు సరిపడా విదేశీ మారకం మాత్రమే మిగిలిన ఆ ఏడాది జులైలో సుమారు 47 టన్నుల బంగారాన్ని పరాయి దేశపు బ్యాంకుల వద్ద కుదువ పెట్టవలసి వచ్చింది. అప్పటికి కొద్ది రోజుల ముందే ప్రధాని పదవి చేపట్టిన మన పి.వి. నరసింహారావు, మన్మోహన్ సింగ్‌తో కలిసి ముందు ఇల్లు చక్కదిద్ది, తూర్పు దేశాల వైపు మన విదేశాంగ విధానాన్ని తిప్పారు.

ప్రశ్న: ఉక్రెయిన్ యుద్ధంలో మనం ఏ పక్షమూ వహించలేదు. ఇది వివేకమా, పిరికితనమా? మహాభారతంలో తటస్థులకు దక్కిన గౌరవం ఏపాటిది?
– ఒక డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో రష్యా దాడిని ఖండించే తీర్మానానికి 141 దేశాలు అనుకూలంగా, 5 దేశాలు వ్యతిరేకంగా ఓటు వేశాయి. ఓటింగుకు దూరంగా ఉన్న 35 దేశాల్లో మనం ఒకరం. భారతయుద్ధంలో దూరంగా ఉన్నవారు ఇద్దరే, బలరాముడూ, రుక్మిణి అన్న రుక్మీ. ఇద్దరి కథా ఒకటి కాదు.

రుక్మి సేనతో వచ్చి, నీకు భయమైతే చెప్పు, నేను అండగా ఉంటానని అర్జునుడితో గొప్పలు పోయాడు. అర్జునుడు నవ్వి, అక్కరలేదన్నాడు. అక్కడి నుంచి దుర్యోధనుడి దగ్గరికి పోతే ఆయనా వద్దన్నాడు. ఇతడిది ఎంచుకున్న తటస్థత కాదు, ఎవరికీ అక్కరలేనితనం. బలరాముడి సంగతి వేరు. భీముడూ దుర్యోధనుడూ ఇద్దరూ ఆయన దగ్గర గద నేర్చినవారే. ఇద్దరిలో ఎవరి నాశనాన్నీ చూడలేక సరస్వతీ తీరపు తీర్థయాత్రకు వెళ్లిపోయాడు. అందరూ ఆయనను గౌరవించారు. కాని గదాయుద్ధం నాటికి తిరిగి వచ్చి, భీముడు తొడ విరగగొట్టినప్పుడు ఎంత మండిపడినా ఏ ఫలితమూ లేకపోయింది. అప్పటికి చేతికి అందేది ఏమీ మిగలలేదు.

కాబట్టి దూరంగా ఉన్నవాడు తీర్థయాత్రకు వెళ్లిపోకుండా, ఇరువైపులా మాట్లాడుతూ ఉండాలి. 2022 సెప్టెంబరులో సమర్‌కండ్‌లో ప్రధాని మోదీ పుతిన్‌తో ఇది యుద్ధాల కాలం కాదని ముఖాముఖి అనడం, ఆ భావమే రెండు నెలల తర్వాత బాలి జీ20 ప్రకటనలో చోటుచేసుకోవడం అటువంటి పని. అయితే నిష్పక్షపాతంగా చూస్తే మన తటస్థతలో బలరాముడి పాలు ఎంత, శల్యుడి పాలు ఎంత అన్నది కూడా అడగాలి. మన సేనల చేతిలో ఉన్న ఆయుధాల్లో అధికభాగం రష్యా నుంచి, అంతకుముందు సోవియట్ యూనియన్ నుంచి వచ్చినవే. విడిభాగాలకు ఎదురుచూసేవాడి మౌనాన్ని పూర్తిగా ధర్మవిచారమని చెప్పలేము.

ప్రశ్న: అణుబాంబును బ్రహ్మాస్త్రంతో పోల్చడం సరైనదేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: శక్తి విషయంలో ఆ పోలిక నాకు నచ్చదు, నిగ్రహం విషయంలో నచ్చుతుంది. సౌప్తికపర్వంలో అశ్వత్థామా అర్జునుడూ ఎదురెదురుగా అస్త్రాలు వదిలినప్పుడు వ్యాస నారదులు మధ్యకు వచ్చి నిలబడతారు. అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కు తీసుకోగలిగాడు, అశ్వత్థామకు అది చేతకాలేదు. 1998 మే పోఖ్రాన్ పరీక్షల తర్వాత, ముందుగా మేము ప్రయోగించబోమన్న నియమాన్ని మన ప్రభుత్వం 2003లో అధికారికంగా ప్రకటించింది.

ప్రశ్న: 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జీ20 సదస్సును ఇక్కడ టీవీలో చూస్తుంటే రాజసూయం చూసినట్టు అనిపించింది. మీకేమనిపించింది?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: నాకూ సంతోషమే కలిగింది, ముఖ్యంగా ఆఫ్రికా సమాఖ్యకు ఆ వేదికపై శాశ్వత సభ్యత్వం దక్కినందుకు. అయితే మీరు రాజసూయమన్నారు కాబట్టి అక్కడ జరిగినదీ గుర్తుచేసుకుందాం. అగ్రపూజ ఎవరికన్న తగవులో శిశుపాలుడి తల తెగింది. 1945 నుంచి భద్రతామండలిలో అయిదు శాశ్వత స్థానాలు కదలకుండా ఉండటం చూస్తే, అగ్రపూజ తగవులు ఎంత మొండివో తెలుస్తుంది. అంతకన్నా నన్ను ఎప్పుడూ వెంటాడేది వేరొకటి. దేశదేశాల రాజులు తెచ్చిన కానుకలు అందుకునే పనిని ధర్మరాజు దుర్యోధనుడికి అప్పగించాడు. అన్నదమ్ముడనే ఆదరంతోనే అప్పగించి ఉంటాడు. రోజుల తరబడి ఆ బంగారాన్నీ రత్నాలనూ ఏనుగులనూ తన చేతులమీదుగా అందుకున్న దుర్యోధనుడు, హస్తినాపురానికి తిరిగి వెళ్లాక ఆ జాబితా మొత్తం తండ్రికి పూసగుచ్చినట్టు వినిపించాడు. మయసభలో నీళ్లలో పడినప్పటి నవ్వుల సంగతీ చెప్పాడు. పాచికల ఆటకు పిలుపు వెళ్లింది ఆ తర్వాతే.