ఈ లింబ్ కాలూ చెయ్యీ కాదు, చెట్టు కొమ్మ

ప్రశ్న: తెలుగు మీడియంలో డిగ్రీ చేశాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కు సిద్ధమవుతున్నాను. మాక్ టెస్టులో ‘గో అవుట్ ఆన్ ఎ లింబ్’కు అర్థం అడిగితే ‘గాయపడటం’ అనే ఆప్షన్ పెట్టి మార్కులు పోగొట్టుకున్నాను. ఇడియమ్స్ ఎలా చదవాలి? తెలియనప్పుడు గెస్ చేయొచ్చా?
– ఓ అభ్యర్థి, నల్గొండ

జవాబు: లింబ్ అనగానే మీరు అవయవం అనుకున్నారు. చెట్టు పెద్దకొమ్మను కూడా లింబ్ అనే అంటారు, ఇక్కడున్నది అదే. మాను దగ్గర కొమ్మ మనిషి బరువును మోస్తుంది. చివరికి జరిగేకొద్దీ సన్నబడి వంగుతుంది, పట్టుకుందామన్నా పక్కన ఇంకో ఆసరా ఉండదు. కాబట్టి ఇది ఉత్త రిస్క్ కాదు, వెనక ఎవరూ లేకుండా ఒంటరిగా తీసుకునే రిస్క్. ఎక్కువగా అభిప్రాయం చెప్పే సందర్భాల్లో వాడతారు. ఆప్షన్లలో ‘టు టేక్ ఎ రిస్క్’, ‘టు టేక్ ఎ రిస్క్ వితౌట్ సపోర్ట్’ రెండూ కనిపిస్తే రెండోదే పెట్టండి.

మీ పొరపాటుకు మూలం బహుశా ‘రిస్క్ లైఫ్ అండ్ లింబ్’. అదీ రిస్క్ గురించే, కానీ అక్కడ లింబ్ అంటే నిజంగానే కాలూ చెయ్యీ. మంటల్లోకి దూరే ఫైర్‌మన్ లైఫ్ అండ్ లింబ్ రిస్క్ చేస్తాడు. పైఅధికారి లెక్క తప్పు అని ఫైల్లో రాసిన గుమాస్తా లింబ్ మీదికి వెళ్తాడు. తెలుగువాళ్లకు ఇంకో ఉచ్చు కూడా ఉంది. కొమ్మ అనగానే ‘కూర్చున్న కొమ్మను నరుక్కోవడం’ గుర్తొచ్చి, తన కీడు తానే కొనితెచ్చుకోవడం అనే ఆప్షన్ మీదికి చెయ్యి పోతుంది. ఇందులో నరకడం లేదు, చివరిదాకా వెళ్లడమే ఉంది.

ఇదే గుంపులో మిగతావి: ‘స్టిక్ యువర్ నెక్ అవుట్’ దీనికి బాగా దగ్గర. ‘స్కేటింగ్ ఆన్ థిన్ ఐస్’ అంటే ఇప్పటికే ప్రమాదం అంచున ఉండటం. ‘బర్న్ యువర్ బోట్స్’ అంటే వెనక్కొచ్చే దారి మూసేసుకోవడం. ‘త్రో కాషన్ టు ది విండ్’ను బట్టీ పట్టక్కర్లేదు, మనమూ జాగ్రత్తను గాలికే వదిలేస్తాం. వాక్యంలో తప్పు పట్టమనే ఎర్రర్ స్పాటింగ్‌లో ‘ఇన్ ఎ లింబ్’ అని ఇస్తే తప్పు అక్కడే, ‘ఆన్’ ఉండాలి.

ఏ నుంచి జెడ్ దాకా జాబితా పట్టుకుని చదివితే ఒక్కటీ నిలవదు. పాత ప్రశ్నపత్రాల్లో వచ్చిన ఇడియమ్స్‌తో మొదలుపెట్టి, రోజుకు పది చొప్పున, ఇలా భావాన్నిబట్టి గుంపులు చేయండి. నోట్‌బుక్‌లో ఒక్కోదానికి మూడు రాసుకోండి: మాటల్లో కనిపించే బొమ్మ, తెలుగు అర్థం, మీరే కట్టిన ఒక వాక్యం. వాక్యం కట్టలేకపోయారంటే అర్థం సగమే తెలిసిందన్నమాట. మర్నాడు, మళ్లీ వారానికి, తెలుగు వైపు మూసి చూసుకోండి.

ఇక గెస్ సంగతి. తొలి దశ పరీక్ష టైర్-1లో ప్రశ్నకు 2 మార్కులు, తప్పుకు 0.50 కోత. నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగులుతుంది: 2 వచ్చి 1.5 పోతాయి, మిగిలేది అర మార్కు. రెండో దశ టైర్-2 ఇంగ్లిష్‌లో 45 ప్రశ్నలు, ఒక్కోటి 3 మార్కులు, తప్పుకు 1 కోత. అక్కడ అదే లెక్కన 3 వచ్చి 3 పోతాయి, మిగిలేది సున్నా. ఒక్క ఆప్షన్‌ను నమ్మకంగా కొట్టేయగలిగితే మాత్రం మూడు ప్రశ్నలకు సగటున 1 మార్కు లాభం, రెండు కొట్టేయగలిగితే రెండు ప్రశ్నలకే 2. చాలామంది దెబ్బతినేది గుడ్డి గెస్‌ల వల్లకన్నా, మీలా సగం తెలిసిన మాటను చూసి ధీమాగా పెట్టడంవల్లే. తెలిసిన పదమే ఉన్న ఆప్షన్ మరీ సూటిగా సరిపోతోందంటే ఒకసారి ఆగి, ఆ పదానికి ఇంకో అర్థం ఉందేమో చూడండి. టైర్-2లో ఒక్క ఆప్షన్ కూడా తీసేయలేని ఇడియమ్‌ను వదిలేసి, ఆ అర నిమిషం ప్యాసేజ్‌కు ఇవ్వండి.