మినీ డీవీ క్యాసెట్ ఏది కొనాలి?

(మినీ డీవీ క్యాసెట్లు షాపుల్లో మామూలుగా దొరికే రోజుల నాటి ప్రశ్న, జవాబు ఇవి.)

ప్రశ్న: సార్, మాది తెనాలి. మా బావ అమెరికా నుంచి వస్తూ మినీ డీవీ (చిన్న డిజిటల్ వీడియో క్యాసెట్ వేసే) హ్యాండీక్యామ్ తెచ్చాడు. వచ్చే నెల చెల్లి పెళ్లి, నేనే షూట్ చేద్దామనుకుంటున్నా. 60 నిమిషాల క్యాసెట్‌కే ఒక్కో కంపెనీది ఒక్కో రేటు చెప్తున్నారు, ఖరీదైనది వేస్తే బొమ్మ బాగా వస్తుందని షాపాయన, ఎల్‌పీలో (లాంగ్ ప్లే) పెట్టుకుంటే ఒక్కదాంట్లోనే గంటన్నర పడుతుందని ఫ్రెండు. ఏం చేయమంటారు?

జవాబు: షాపాయన మాట నమ్మకండి. డీవీలో బొమ్మ అంకెల రూపంలో టేపు మీదకెక్కుతుంది, సెకనుకి 25 మెగాబిట్లు, చవకదైనా ఖరీదైనదైనా అవే అంకెలు, కాబట్టి రంగులూ వెలుగూ అంతా కెమెరా పనే. ఎక్కువ డబ్బు పెట్టేది డ్రాపౌట్లు తగ్గుతాయని. టేపు మీది పూత ఓ చోట లేచిందనుకోండి, లేదా దుమ్ము పడింది, టేపుని చదివే హెడ్ అక్కడ చదవలేక తెర మీద చిన్న చిన్న గళ్లు గళ్లుగా పడతాయి, సౌండు కూడా తెగుతుంది. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పడ్డాయంటే పెళ్లికొడుకుని మళ్లీ పెట్టమనలేం కదా!

అలాగని ప్రొఫెషనల్ గ్రేడ్ అక్కర్లేదు. సోనీ, పానసోనిక్, టీడీకే, మ్యాక్సెల్... వీటిల్లో ఏదో ఒకదాని మామూలు రకం చాలు. కాకపోతే పెళ్లి వీడియోలు తీసేవాళ్లు కొనే షాపులో తీసుకోండి, అక్కడ సరుకు నిలవుండదు. సీల్ కవర్ వదులుగా ఉన్నా, అక్షరాలు మసకగా ఉన్నా వద్దు. ముందు ఒకటి కొని కాసేపు రికార్డ్ చేసి టీవీలో చూసుకుని, బాగుంటేనే మిగతావి అదే కంపెనీవి తెచ్చుకోండి. రెండు కంపెనీలవి మార్చి మార్చి వేస్తే పూతలు కలిసి హెడ్‌కి జిగురు పడుతుందని వీడియోవాళ్లు గట్టిగా నమ్ముతారు, ఒకటే పట్టుకుంటే మనకి పోయేదేం లేదు.

ఎల్‌పీ మాత్రం వద్దే వద్దు. అందులో టేపు నెమ్మదిగా నడుస్తుంది, మామూలు వేగమైన ఎస్‌పీలో 10 మైక్రాన్లుండే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ట్రాకు, అంటే టేపు మీద బొమ్మ రాసే గీత, 6.7కి ఇరుకవుతుంది. బొమ్మ క్వాలిటీ తగ్గదు గానీ అది మీ కెమెరాలో ఆడినా స్టూడియోవాళ్ల డెక్కులో (క్యాసెట్ ఆడించే పెట్టె) ఆడకపోవచ్చు, అప్పుడు తల పట్టుకోవాలి. ఇంకో క్యాసెట్ కొనుక్కోవడమే మేలు.

పాతవాటి మీద మళ్లీ తీయడం ప్రాక్టీసుకి ఓకే, పెళ్లికి కొత్తవే. గంట వీడియో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే 13 జీబీ దాకా తింటుంది, హార్డ్ డిస్కులో ఎన్నాళ్లని ఉంచుతారు, అందుకే ఆ క్యాసెట్టే మీ ఒరిజినల్ అనుకోండి. తీయడం అవ్వగానే వెనకవైపు చిన్న మీట ఉంటుంది చూడండి, దాన్ని సేవ్ వైపు జరిపేయండి, లేకపోతే ఏ పిల్లాడో దాని మీద క్రికెట్ తీసేస్తాడు.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ. అమెరికాలో కొన్న కెమెరా ఎన్‌టీఎస్‌సీ, మన దగ్గర పాల్, ఇవి రెండు వేర్వేరు టీవీ పద్ధతులు. ఖాళీ క్యాసెట్‌కి ఆ తేడా లేదు, ఇక్కడ కొన్నది శుభ్రంగా పనిచేస్తుంది. కానీ స్టూడియోలో పాల్ కెమెరాతో తీసినవి కూడా కలిపి ఎడిట్ చేయించాలనుకుంటే మాత్రం వాళ్లకి ఈ సంగతి ముందే చెప్పండి.